బోరు కింద కడిగిన ల్యాప్‌టాప్

మిర్యాలగూడ, బుధవారం

సుమలతా, నేను క్షేమం. ఫోన్ కలవడం లేదని భయపడకు, నీళ్లలో పడి పాడైంది. నిన్న పాలకీడులో భూములు కొలుస్తూ గట్టు మీద జారి, కంపెనీ ల్యాప్‌టాప్‌తో సహా వరి మడిలో పడ్డాను. నెల రోజుల కొలతలు దాంట్లోనే ఉన్నాయి. అవి పోతే నా కొలువూ పోయేది. దెబ్బలకూ నీళ్లకూ తట్టుకునే రకమని చెప్పి ఇచ్చారు కదా అని, బోరు పైపు కింద పెట్టి బురద కడిగాను.

"ఏందయ్యా, బర్రెను కడిగినట్టు కడుగుతున్నవ్!" అని ఆ పొలం రైతు మట్టయ్య మొత్తుకున్నాడు. తుడిచి తెరిస్తే అన్నీ ఉన్నాయి. "నా ఎకరం ఉన్నదా, జర సూడు" అన్నాడు. అదీ ఉంది.

బీరువాలోని పాత ఫోన్ మీ తమ్ముడితో పంపు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? మన నవ్య కాలేజీ ఫారం ఇచ్చేయండి, కొలువు ఉంది. పిల్లకు నా దీవెనలు.

నాగేందర్