బస్తా మారితే

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున అమ్మ ఇంట్లో ప్రార్థన పెట్టించింది. అది కాగానే నేను కలకత్తా సాల్ట్ లేక్‌లోని మా ల్యాబుకి వచ్చేశాను.

ఒక రేడియో టెలిస్కోపు ఆకాశం నుంచి అందిన సంకేతాన్ని పౌనఃపున్యాల వారీగా సన్నటి గడుల్లో నింపి పంపుతుంది. రెండో టెలిస్కోపు గడులు వెడల్పు. వాటికి సరిపడేలా సర్దడమే నా పని. ఈ సంగతి చెప్పినప్పుడు నువ్వు నవ్వేశావు.

"ఓస్, ఇదేటే! చిరిగిన బస్తాలోంచి కొత్త బస్తాలోకి పొయ్యడవే గదా. గింజ తగ్గకండా సూసుకో."

వాట్‌గంజ్ రేవు గోదాములో ముప్పై ఏళ్లు నువ్వు చేసిందదే మరి.

చూసుకున్నాను నాన్నా, గింజ తగ్గలేదు. కానీ అంతరిక్షంలో ఎక్కడో దూరపు వాయుమేఘం నుంచి వచ్చి, ఒక్క గడిలో నిటారుగా నిలబడ్డ గీత ఉండేది. వెడల్పు గడిలో పడ్డాక అది చుట్టూ ఉన్న రొదలో కలిసిపోయింది. ల్యాబులో మేమంతా దాదా అని, అంటే అన్నయ్యా అని, పిలిచే సీనియర్‌కి చూపించాను.

"మొత్తం సరిపోయింది కదా, పంపించెయ్," అన్నాడు.

బస్తాల దొంతర నీ మీద కూలిన మర్నాడు, మీ కూలీల ముఠా సర్దారు నీ చోట ఇంకొకణ్ణి నిలబెట్టి తలలు లెక్కపెట్టాడు. "పన్నెండు మందీ సరిపోయారు, పట్టండి," అన్నాడు. నీ చెప్పులు తీసుకోవడానికి వెళ్లిన నేను విని ఊరుకున్నాను.

ఇవాళా ఊరుకున్నాను. పంపించేశాను.