బావ ట్రంపెట్

ఫిబ్రవరి 2

యూనియన్ ఆఫీసులో బీరువా మీద నల్లపెట్టె కనిపించింది. బావ ట్రంపెట్. డిసెంబర్‌లో పక్షవాతం వచ్చి బావ మూతి ఎడమవైపు జారిపోయాక అక్కే దీన్ని పంపేసిందట. ఇది కళ్లబడితే చాలు ఆయన గోడవైపు తిరిగి పడుకుంటున్నాడట. ఇదంతా నాకు ఆఫీసు క్లర్కు చెప్పాల్సి వచ్చింది. నేను అక్కకు సొంత తమ్ముణ్ని.

బావ బస్ డ్రైవర్. డ్రైవర్ల యూనియన్ సెక్రటరీ. పోయిన వేసవి స్ట్రైక్‌లో ఉద్యోగాలు పోయిన పద్నాలుగు మందిని బయటే వదిలేసి సెటిల్‌మెంట్ మీద సంతకం పెట్టాడు. నేను కరపత్రం రాశాను. హెడ్డింగ్: అమ్ముడుపోయిన సంతకం. అక్క నన్ను గుమ్మంలోనే నిలబెట్టి, నీ రాతలు నువ్వే నమిలి మింగరా, మళ్లీ ఈ గడప తొక్కావంటే కాళ్లు విరగ్గొడతానంది.

పద్నాలుగు మంది విషయంలో నేను రాసిన ప్రతి అక్షరం నిజం. ఇప్పటికీ అంటాను.

పెట్టె అడిగి తెచ్చుకున్నాను. నీకెందుకు అని క్లర్కు అడుగుతుంటే పెట్టె చంకలో పెట్టుకుని మెట్లు దిగాను.

ఫిబ్రవరి 3, ఉదయం 7

గంట ఊదాను. గాలి తప్ప ఏమీ రాలేదు.

ఫిబ్రవరి 9

శబ్దం వచ్చింది. కింది ఫ్లోర్‌లో ఉండే రిటైర్డ్ నర్సు పైకి వచ్చి, నలభై ఏళ్లు వార్డుల్లో రకరకాల మూలుగులు విన్నాను బాబూ, ఇలాంటిది వినలేదు, డాక్టర్ని పిలవనా అంది. శబ్దం మీద హక్కు ఎవరిదో ఆమెకు పది నిమిషాలు వివరించాను. ఓపిగ్గా విని, పెదాలకు వెన్న రాసుకో, పగిలాయి అని వెళ్లిపోయింది.

ఈ వారం నేను మనిషితో మాట్లాడింది అదే.

ఫిబ్రవరి 20

యూనియన్ బ్యాండ్‌ని నడిపేది టైలర్. క్లారినెట్ వాయిస్తాడు, పగలు ప్యాంట్లు కుడతాడు. కుట్టుమెషిన్ పక్కన స్టూల్ మీద నన్ను కూర్చోబెట్టి ఊదమన్నాడు. ఊదాను. నోట్లో గుండుసూదులు అలాగే పెట్టుకుని, నువ్వు ఊదడం లేదు, పోట్లాడుతున్నావు అన్నాడు. బుగ్గలు ఉబ్బించకూడదట. మౌత్‌పీస్‌ని మూతికేసి నొక్కకూడదట. ఊపిరిని దారంలా లాగు, గుడ్డ చింపినట్టు కాదు అన్నాడు.

జూన్ 14న డిపో గేటు దగ్గర సభ. ఏళ్ల క్రితం బస్సు కింద పనిచేస్తూ జాకీ జారి చనిపోయిన మెకానిక్ కోసం ఏటా చేసేదే. అక్కడ ట్రంపెట్ ఒంటరిగా ఎత్తుకునే పాట ఒకటుంది. ఇరవై రెండేళ్లుగా బావే ఎత్తుకున్నాడు. ఈసారి ఆ పాట వదిలేద్దామనుకుంటున్నారట.

వదలనివ్వనన్నాను.

మార్చి 11

ప్రెస్‌లో ప్రూఫ్‌లు దిద్దడం నా ఉద్యోగం. ఇరవై ఎనిమిదేళ్లుగా ఇతరుల తప్పులకు గీతలు పెట్టి జీతం తీసుకుంటున్నాను. లంచ్ టైమ్‌లో పేపర్ గోడౌన్‌లోకి వెళ్లి రీళ్ల మధ్య నిలబడి ఊదుతున్నాను. కాగితం శబ్దాన్ని మింగేస్తుంది. ఇన్నేళ్లూ నా కరపత్రాలను మింగినట్టే.

ఏప్రిల్ 6

అక్కకు ఉత్తరం రాయాలని కూర్చున్నాను. మొదటి వాక్యం క్షమాపణ. రెండో వాక్యం క్షమాపణ. మూడో వాక్యానికి 'అయితే' వచ్చేసింది. నాలుగు పేజీలు. చివరికి చూసుకుంటే మరో కరపత్రం.

చింపేశాను. ఊదడం ఒక్కటే మిగిలింది. ట్రంపెట్‌లో 'అయితే' లేదు.

ఏప్రిల్ 27

ఐదు స్వరాలు వచ్చాయి. పాటకు ఆరు కావాలి.

మే 15

ఆరోది వచ్చింది. చెప్పుకోవడానికి ఎవరూ లేక నర్సు తలుపు కొట్టాను. పై నుంచి వినపడిందిలే, కూర్చో, టీ తాగు అంది.

మే 24

బ్యాండ్‌తో మొదటి రిహార్సల్. బావ చూసి వాయించే పాట కాగితం టైలర్ నా చేతిలో పెట్టాడు. పాట మధ్యలో ఇరవై నాలుగు బార్లు డ్రమ్ములే. ఒక్కో బార్‌కు నాలుగు దెబ్బలు. అంతసేపూ ట్రంపెట్ లెక్కపెట్టుకుంటూ ఆగి, ఇరవై అయిదో బార్‌లో అందుకోవాలి. అక్కడ కాగితం మీద పెన్సిల్‌తో బావ చేతిరాత: 24. నోరు మూసుకో.

నా ముఖం మండింది. ఇది నాకే రాశాడా అన్నాను. టైలర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇరవై ఏళ్ల నాటి రాత బాబూ అది, తనకు తానే రాసుకున్నాడు. ఆగలేడు మహానుభావుడు. ప్రతి రిహార్సల్‌లో పదిహేడుకే లేచేవాడు. సభ రోజు మాత్రం చచ్చినట్టు ఆగేవాడు అన్నాడు.

నేనూ ఇవాళ మూడుసార్లు పదిహేడుకే లేచాను.

జూన్ 8

పదిహేడు. పదిహేడు. పందొమ్మిది. పదిహేడు.

జూన్ 13

ఇరవై నాలుగు! వరుసగా నాలుగుసార్లు.

ఇప్పుడు రాస్తాను. బావ అమ్ముడుపోలేదు. కరపత్రం రాసిన రోజే నాకు తెలుసు. ఆ పద్నాలుగు మంది కోసం చివరిదాకా కొట్లాడి, ఓడిపోయి, సంతకం పెట్టాడు. 'ఓడిపోయిన సంతకం' అంటే ఎవరు చదువుతారని మార్చాను. ఊళ్లో అందరి తప్పులూ దిద్దేవాణ్ని, ఆ ఒక్క ప్రూఫ్ తెలిసీ వదిలేశాను.

జూన్ 14, సాయంత్రం

డిపో గేటు. అక్క చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చింది. నా చేతిలో ట్రంపెట్ చూసి ఆగింది. వెళ్లిపోతుందనుకున్నాను. కుర్చీకి బ్రేకు వేసి పక్కకు తిరిగి నిలబడింది. బావ నన్ను చూడలేదు, ట్రంపెట్‌నే చూశాడు.

మొదటి సగం బాగానే వచ్చింది. డ్రమ్ములు అందుకున్నాయి. లెక్కపెట్టాను. పద్నాలుగు. పదిహేను. పదహారు. అప్పుడు కనిపించింది. దుప్పటి మీద బావ కుడిచెయ్యి. ట్రంపెట్ మీటలు నొక్కినట్టు చూపుడువేలు, మధ్యవేలు కిందికి దిగాయి. ఆయన మొదలుపెట్టేశాడు.

ఇంకా ఎనిమిది బార్లు ఉన్నాయి. కరెక్ట్ ఏదో నాకు తెలుసు. కానీ అక్కడ ఆయన ఒక్కడే వాయిస్తున్నాడు, శబ్దం లేకుండా.

ఎత్తుకున్నాను.

డ్రమ్ములు తడబడ్డాయి. టైలర్ కళ్లతోనే నన్ను అడ్డంగా కత్తిరించాడు. మూడో స్వరం చీలింది. నేను ఆయన వేళ్లనే చూస్తూ ఊదాను. రెండో లైనుకు అందరూ వచ్చి కలిశారు.

అయిపోయాక బావ మూతి కుడిసగం కదిలింది. నవ్వో, తిట్టో తెలియలేదు. అక్క కుర్చీ తిప్పుకుని వెళ్లిపోయింది. జనం పోయాక గేటు దగ్గర ఒక్కణ్నే నిలబడి ట్రంపెట్‌లో చేరిన తడి వంపేశాను.

జూన్ 17

అక్క ఫోన్ చేసింది. బాగున్నావా అనలేదు. మూడు రోజుల్నుంచీ మీ బావ ఒకటే మాట పట్టుకున్నాడురా, ఎందుకో అర్థం కాక చస్తున్నాను, నీకైనా తెలుస్తుందేమోనని చేశానంది. ఇరవై నాలుగు, ఇరవై నాలుగు అంటున్నాడట.

ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టమన్నాను. ట్రంపెట్ చేతిలోకి తీసుకుని, నోరు మూసుకుని లెక్క మొదలుపెట్టాను.