పొదిగినా పగలని గుడ్లు

గుంతకల్లు, 9-8-1983

మారెమ్మ వదినకు హనుమక్క రాయడమేమంటే, నా జ్వరం పూర్తిగా తగ్గింది, దిగులు పడొద్దు. నువ్వు ఇచ్చి పంపిన కోడి పొదగడానికి కూర్చుంది. దాని గుడ్లన్నీ జ్వరంలో నాకే ఉడకబెట్టి పెట్టారు. అందుకని బజారులో పది ఫారం గుడ్లు కొని దాని కింద పెట్టాను. తెల్లగా, పెద్దగా ఉన్నాయి కదా, పిల్లలూ పెద్దవే వస్తాయనుకున్నాను. ఇరవై నాలుగు రోజులైనా ఒక్కటీ పగలలేదు. పక్కింటి నాగలక్ష్మమ్మ చూసి, "ఏమక్కా, ఫారంలో పుంజే ఉండదు. పిల్లలు యాడనుంచి వస్తాయి?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మన ఇంట్లో గుడ్డు చిన్నదే అయినా సొన పసుపుముద్దలా ఉండేది. నువ్వు గంప ఎత్తితే పన్నెండు పిల్లలు నీ కాళ్ల చుట్టూ తిరిగేవి. నేను అన్నం తింటుంటే కంచంలోకే వచ్చేవి. అప్పుడు వాటిని విసుక్కునేదాన్ని.

ఆదివారం అన్న వచ్చేటప్పుడు మన గుడ్లు ఎనిమిది, కొర్రపొట్టులో పెట్టి పంపు. వాన పడిందా? శెనక్కాయ విత్తారా? నీ మోకాలి నొప్పి ఎట్లుంది? అన్నకు దండాలు, పిల్లలకు ముద్దులు. మరవొద్దు వదినా. ఫారం గుడ్లు తీసేసినా కోడి ఖాళీ గంపలోనే కూర్చుంది. మేత వేసినా లేవడం లేదు.