నేల మీద పెట్టిన మల్టీటూల్

అన్నా,

చనిపోయినవాళ్లు ఉత్తరాలు చదువుతారని నేను నమ్మను. అయినా రాస్తున్నాను. నువ్వు పోయి నేటికి ఏడాది. నీ ఫొటోకు దండ వేయడానికి పొద్దున నీ దోస్తు యాదగిరి వచ్చాడు, నువ్విచ్చిన మల్టీటూల్ నడుముకు పెట్టుకుని. తోడబుట్టినవాణ్ణి నేనుండగా దాన్ని అతనికెందుకిచ్చావో నాకింకా మింగుడుపడలేదు.

మొన్న నల్గొండ వెళ్లి నేనూ ఒకటి కొన్నాను. నీదానికన్నా తేలిక, జేబులో ఉన్నట్టే తెలియదు. నీదాంట్లో కటింగ్ ప్లేయర్, కత్తి, స్క్రూడ్రైవర్, అంతే. నాదాంట్లో వాటితోపాటు రంపం, కత్తెర కూడా ఉన్నాయి. ఇవాళ యాదగిరికి వినపడేలా ఇదంతా అమ్మకు చెప్పాను.

అంతలో మన బోరు మోటారు ఆగింది. స్టార్టర్ డబ్బా బోల్టు తుప్పుపట్టి ఉంది. రెండుసార్లు తిప్పేసరికే నా ప్లేయర్ వంగిపోయింది. యాదగిరి నీదాన్ని తీసి నా ముందు నేల మీద పెట్టాడు.

"చేతికియ్యరాదె యాదన్నా!"

"కత్తి ఉన్నదాన్ని చేతికిస్తె కొట్లాటయితది తమ్మీ. మీ అన్న గూడ నాకు గిట్లనే కింద పెట్టి ఇచ్చిండు."

"గివన్నీ మూఢనమ్మకాలు. నేనిచ్చిన కరపత్రం చదవలేదా?"

"చదివిన. అయినా కిందికెల్లే తీస్కో."

తీసుకున్నాను. బరువుగా ఉంది. పిడి మీద నీ బొటనవేలు అరగదీసిన చోట నా వేలు సరిగ్గా కుదిరింది. బోల్టు ఒక్క పట్టుకే కదిలింది.

"కింద పెట్టు తమ్మీ, తీసుకుంట" అన్నాడు యాదగిరి.

నేనలాంటివి నమ్మనని నీకు తెలుసు. అయినా ఈ ఒక్క నమ్మకం నిజమై మా ఇద్దరికీ కొట్లాట కావాలని, అతని చెయ్యి పట్టుకుని, దాన్ని అరచేతిలోనే పెట్టాను.