పొగకు బెల్లం ముక్క

మంగళవారం రాత్రి, ఫరీదాబాద్

కొత్త పద్ధతి ఉండగా పాతదెందుకని నెత్తీ నోరూ కొట్టుకున్నాను, ఎవరు విన్నారు? రాగి నైట్రేట్‌ను నీళ్లలో కరిగించి సోడా కలిపితే అడుగున ముద్ద దిగుతుంది. దాన్ని కడిగి, ఆరబెట్టి కాలిస్తే విషప్పొగ లేకుండా మా షెడ్డులో తయారయ్యే కాటలిస్టు పొడి వస్తుంది, సరుకూ పొంగి పాడవదు. కడగడానికి ఒక రోజు పడుతుంది, అంతే. "ఆర్డర్ అర్జెంట్ హై భయ్యా" అంటూ సూపర్‌వైజర్ నైట్రేట్‌నే నేరుగా ఫర్నేసులో పెట్టించాడు.

సాయంత్రం ఫర్నేసు తలుపు తీయగానే గోధుమరంగు పొగ నాతో పనిచేసే రమణ మొహాన గుప్పున కొట్టింది. కాసేపు దగ్గి, "మన ఢిల్లీ గాలి కంటే ఇదే నయం బావా" అని నవ్వాడు. పొగ తగిలితే బెల్లం తినడం మా షెడ్డులో అలవాటు. డబ్బాలోంచి ముక్క విరిచి నేనే ఇచ్చాను.

"ప్రసాదం పుచ్చుకో, ఇక నీకు చావు లేదు."

ఇద్దరం నవ్వుకుంటూ ఇంటికొచ్చాం.

ఇందాక మా ఫ్యాక్టరీ కెమిస్టు మేడం ఫోన్ చేసింది. ఆ పొగ పీల్చినవాడు ముందు బాగానే ఉంటాడట. ఊపిరితిత్తుల్లో నీరు చేరేది కొన్ని గంటలు పోయాకట. "వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్లండి అంకుల్" అంది. అంబులెన్సుకు చెప్పి, పక్క వాటాలో ఉన్న రమణను లేపాను.

"పడుకోనీ బావా, బెల్లం తిన్నాగా!"

వాళ్లావిడ, నాకు చెల్లెమ్మ వరస, బట్టలు సర్దుతోంది. బండి వచ్చేదాకా చేతులు ఊరుకోక ఇది రాస్తున్నాను. గోడ అవతల దగ్గు వినిపిస్తోంది. అది వినిపిస్తున్నంతసేపూ నాకు ధైర్యమే. చెల్లెమ్మ గోడ మీద కొడుతూ "అన్నయ్యా, అన్నయ్యా" అని పిలుస్తోంది. దగ్గు మాత్రం వినిపించ—