మహమూదా రాసిచ్చిన కాగితం

12 జూన్ 1989, సోమవారం

వసంత ఇంటర్ పాసయింది. టీచరు కావాలంటే ఏ ఏడు ఏం చదవాలో, ఏ పరీక్షకు కూర్చోవాలో వరుసగా ఒక కాగితం మీద రాయించుకొని వచ్చింది. నా దగ్గర కాదు, పక్క గల్లీలో ఉండే మహమూదా దగ్గర.

"ఇంట్ల నేను లేనా? నన్నెందుకు అడగలేదే?" అన్నాను.

"నువ్వెన్నడన్న నౌకరి చేసినవా నాయనమ్మా? నీకెట్ల తెలుస్తది?" అని నవ్వింది నా మనవరాలు.

మహమూదా, నేను ఒకే బల్ల మీద కూర్చొని ఉర్దూ మీడియంలో చదివాము. చివరి పరీక్షలో లెక్కల్లో నాకు తొంభై ఆరు, ఆమెకు డెబ్బై ఒకటి. టీచర్ ట్రైనింగుకు ఇద్దరినీ రమ్మన్నారు. ఆమెను వాళ్ల అబ్బా దగ్గరుండి తీసుకుపోయారు. నాకు మా నాయిన పెళ్లి ముహూర్తం పెట్టించారు. ఆమె హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైంది. ఇప్పటికీ బజారులో ఆమెను చూసి సైకిళ్లు దిగి నమస్తే పెట్టేవాళ్లున్నారు. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

వసంత స్నానానికి వెళ్లగానే ఆ కాగితంలో తప్పులు వెతికాను. ఒక్కటీ దొరకలేదు. మూడో వరుసలో మాత్రం ఇలా ఉంది: "లెక్కలు రోజూ పొద్దున ఆరింటికి మీ నాయనమ్మ దగ్గర నేర్చుకో. మా క్లాసులో ఆమెను మించినవాళ్లు లేరు."

చదివి సంతోషించాలి. కానీ ఈ మాట కూడా ఆమే చెప్పాలా? నేనేమిటో నా ఇంటి పిల్లకు పక్క గల్లీ నుంచి తెలియాలా?

ఆరింటికని రాసింది. రేపటి నుంచి వసంతను ఐదింటికే లేపుతాను.