అన్న పెదవి మీద మానని పుండు

మంగళవారం, రాత్రి

ఈ రోజు కర్నూలులో అన్న పెదవికి వేసిన కుట్లు విప్పారు. పత్తికొండ టమాటా చేలల్లో, ఎండలోనే అన్న బతుకంతా గడిచింది. కింది పెదవి మీద పుండు నెలలు గడిచినా మానకపోతే నేనే పట్టుబట్టి చర్మ డాక్టరమ్మకు చూపించాను. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సరని తేలింది. పోయిన వారం ఆపరేషన్ చేశారు.

"ఎండకు వచ్చిందప్పా. ముదరకముందే వచ్చినారు, మొత్తం తీసేసినాం. మెడలో గడ్డలు కూడా లేవు. అయినా మళ్లీ మళ్లీ వచ్చి చూపించుకోవాల," అందామె కుట్లు విప్పాక.

మళ్లీ మళ్లీ అంటే... ఇంకోచోట వస్తుందనా? అనుకుంటూనే బస్సెక్కాను.

తిరుగు బస్సులో అన్న ఈల వేయబోయాడు. ఉత్త గాలే వచ్చింది.

"ఈల పాయె పాపా," అన్నాడు నవ్వుతూ. "సచ్చిపోతానేమో అనుకుంటి. ఈల పోతే పోనీలే."

బయట ఎర్ర నేలలు నీళ్లలో ఉన్నట్టు ఎండలో అల్లాడుతున్నాయి. నాకు కునుకు పట్టింది. ఎక్కడో దూరంగా అన్న ఈల వినిపించింది, చిన్నప్పటిలాగే, సన్నగా, తీయగా.

కళ్లు తెరిస్తే అన్న నిద్రపోతున్నాడు. కిటికీలోంచి ఎండ సరిగ్గా ముఖం మీద పడుతోంది. కొంగు అడ్డం పెట్టి, ఊరు వచ్చేదాకా అలాగే పట్టుకున్నాను.